రెండో దెబ్బ

స్వరాజ్యం టీచరు పోయిన తొంభై ఒకటో రోజున గన్నేరులంక ఉన్నత పాఠశాలలో సంగీతం పోస్టు కూడా పోయింది. తొంభై రోజులు వరసగా శబ్దం రాని సంగీతం గదికి సంగీతం టీచరు అవసరం లేదని నిబంధన. టీచరు లేకుండా గదిలో శబ్దం ఎలా వస్తుందని హెడ్‌మిస్ట్రెస్ కాత్యాయని గారు లేఖ రాశారు. ‘తమరి సందేహం సముచితమైనదే. నమోదు చేసుకోవడమైనది’ అని జవాబొచ్చింది. పోస్టుతోపాటు డోలక్‌ను కూడా సరెండర్ చేయమన్నారు. చేశారు. ఆ గదిలోకి విరిగిన బెంచీలు చేరాయి.

అదే బడిలో సోషల్ చెప్పే భీమశంకరం మేస్టారు స్వరాజ్యం టీచరు భర్త. స్టాఫ్ రూముకి వెళ్లే దారి సంగీతం గది ముందునుంచే. ఆషాఢం నుంచీ ఆయన బోరింగు పంపు పక్కగా, బురదలోంచి, చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

కార్తీకంలో లయ వికాస సంచాలకాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. కాత్యాయని గారు మేస్టారిని పిలిచి చదివి వినిపించారు.

“విషయం: ఉన్నత పాఠశాలల యందు ప్రారంభక అభ్యాసకుల నిమిత్తం, అందుబాటు ధరలో, విద్యుత్ డ్రమ్ముల సమూహం ఎంపిక చేయుట గురించి. సదరు సమూహం తనంతట తానే పాఠం చెప్పగలదు గనుక బోధకుని ఆవశ్యకత లేదు. ఎంపిక కమిటీ కన్వీనరు సైతం లయజ్ఞానం బొత్తిగా లేని ప్రారంభకుడై యుండవలెను. తెలిసినవారు మంచిదానిని కోరుకొను ప్రమాదము గలదు.”

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారామె.

“డ్రిల్లు మేస్టారికి ఇద్దామనుకున్నానండి. ఆయన ఈలతో తాళం వేస్తాడట, పనికిరాడు. తెలుగు మేస్టారికి ఛందస్సు వచ్చును. లెక్కల టీచరు భజనలో చిడతలు పట్టుకుంటుంది. మీకు తాళం తెలీదు కదా, భీమశంకరం గారూ?”

“తెలీదండి.”

“పాతికేళ్లు స్వరాజ్యం గారితో ఉండి కూడానా?”

“ఆవిడా అదే అడిగేదండి.”

కాత్యాయని గారు ఫైలు తాడు సర్దారు. తర్వాత ఫైలు ఆయన వైపు జరిపారు.

ఆ సాయంత్రానికే బడంతా తెలిసిపోయింది. బడి విడిచాక మేస్టారు సైకిలు తాళం తీస్తుంటే తొమ్మిదో తరగతి నూకరత్నం వచ్చి నిలబడింది. వాళ్లమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. స్వరాజ్యం టీచరు రెండేళ్లపాటు ఆ పిల్లకి డోలక్ నేర్పారు. డోలక్ పోయాక ఆ పిల్ల బెంచీ మీద వాయిస్తుంది. బెంచీ లేనప్పుడు అట్ట మీద, అట్ట లేనప్పుడు మోకాలి మీద.

“డ్రమ్ములొస్తున్నాయంట కదండీ, మేస్టారండీ.”

“వస్తాయమ్మా.”

“నాకు ముక్తాయింపు మిగిలిపోయిందండి.”

ఆయనకి అర్థం కాలేదు. ఆ పిల్ల సైకిలు సీటు మీద వేళ్లతో కొట్టి చూపించింది.

“పాట ఆగే ముందండీ, ఒకటే వరస మూడుసార్లు వాయించి ఆపాలండి. టీచరుగారు రెండుసార్ల దాకా చెప్పారండి. మూడోది సోమారం చెప్తానన్నారు.”

“మూడోది కూడా అదే వరస అంటున్నావు కదా. ఇక మిగిలిందేముంది?”

“వరస అదేనండి. ఎక్కడ ఆగాలో అది మిగిలిందండి. నేను వాయిస్తంటే టీచరుగారు తాళం వేసేవారండి. ఒక్కదాన్నే వాయిస్తే ఆ చోటు దొరకట్లేదు.”

ఆ సోమవారం ఏ తేదీయో మేస్టారికి బాగా గుర్తుంది. “చూద్దాంలే అమ్మా” అన్నారు. సైకిలెక్కి కాలవ గట్టు మలుపు తిరిగేదాకా, చూడవలసింది ఈ పిల్ల సంగతే అని ఆయన మనసులో ఒకటే అనుకుంటూ వెళ్లారు.

కాకినాడలో వాయిద్యాల దుకాణం కరీముల్లా గారిది. పెద్దాయన. ముప్పై ఏళ్లుగా తబలాలకు చర్మం బిగించిన వేళ్లు. మేస్టారు బెంచీ మీద కూర్చుని ఉత్తర్వు ముందు పెట్టారు.

“ఇవన్నీ అక్కర్లేదు సార్. ఎవరు వాయిస్తారో చెప్పండి చాలు” అన్నాడాయన.

“తొమ్మిదో తరగతి పిల్ల. రెండేళ్లు డోలక్ నేర్చుకుంది.”

“డోలక్ చెయ్యి ఉంటే కర్ర చెయ్యి తొందరగా వస్తుంది. ఇదిగో, ఇది చాపలా చుట్టి పెట్టుకునేది. చవక. పిల్లలకి ఆటబొమ్మ కింద పనికొస్తుంది, చేతికి కాదు. ఇది రబ్బరు ప్యాడ్లది. పర్లేదు గానీ మణికట్టు నొప్పెడుతుంది. ఇది వల ప్యాడ్లది. కర్ర వేస్తే తనే లేస్తుంది, చూడండి. శబ్దం పలికించే ఈ కరెంటు పెట్టెలో అయిదు వందల శబ్దాలున్నాయని ఎవడైనా చెప్తే నమ్మి తీసుకోకండి, అయిదు చాలు. కాలి పెడల్ గట్టిగా ఉండాలి. కూర్చునే పీట ఎత్తు మారాలి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్క క్లాసుకి వినపడదు. పెట్టె తనే టిక్కు టిక్కుమని తాళం వేస్తుంది. కొత్తదే కావాలని లేదు, ఏడాది వాడినదుంది, మీ ధరలో వస్తుంది. ఒక్క పని చెయ్యండి సార్, ఆ పాపని తీసుకొచ్చి దీని ముందు కూర్చోబెట్టండి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.”

మేస్టారు ఉత్తర్వు రెండో పేజీ తిప్పారు. “కొనుగోలుకు పూర్వం అభ్యాసకుడు వాయిద్యమును తాకరాదు. తాకినచో ప్రారంభకత్వము భంగమగును.”

“పోనీ మీరు వాయించి చూడండి.”

“కన్వీనరు సైతం తాకరాదు. వినరాదు.”

కరీముల్లా గారు ఆ కాగితం తీసుకుని వెలుగులో పెట్టి, వెనక ఇంకేమైనా రాసుందేమోనని చూశాడు. “మరి ఎట్లా ఎంచుతారు?”

జత చేసిన పట్టికలో రంగుకు ఇరవై మార్కులు, బరువుకు ఇరవై, మర మేకుల సంఖ్యకు పదిహేను, అట్టపెట్టె ముద్రణకు పది ఉన్నాయి. మిగిలినవి ‘సామాన్య గాంభీర్యము’ కిందికి వస్తాయి. మేస్టారు మరలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువొచ్చి మళ్లీ లెక్కపెట్టారు.

“ఒక్క సాయం చెయ్యండి. నేను బయట మెట్ల మీద నిలబడతాను. అద్దం తలుపు మూసి, మూడూ ఒకసారి వాయించండి.”

“వినపడదు కదా సార్.”

“వినరాదన్నారు. చూడరాదనలేదు.”

కరీముల్లా గారు వాయించాడు. రోడ్డు మీద బస్సుల హారన్లు తప్ప మేస్టారికి ఏమీ వినిపించలేదు. మొదటి దాని మీద పెద్దాయన మొహం చిట్లించాడు. రెండో దాని మీద ఓపిక పట్టాడు. మూడో దాని మీద కర్రలు వాటంతట అవే పైకి లేస్తున్నాయి, ఆయన వాటిని వద్దని ఆపుతున్నట్టుగా ఉంది. ఒకప్పుడు ఇంట్లో కూరలో గరిటె తిప్పి గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టేటప్పుడు ఇంకో మనిషి చెయ్యి కూడా ఇలాగే లేచేది. మేస్టారు మెట్ల మీద ఇంకాసేపు నిలబడి, లోపలికొచ్చి, మూడోదానికి సామాన్య గాంభీర్యం కింద ముప్పై అయిదుకి ముప్పై అయిదు వేశారు.

డ్రమ్ములు వచ్చేలోపల పిల్లలు ప్రారంభకులని రుజువు కావాలన్నారు. ప్రతి విద్యార్థీ రెవెన్యూ వారినుంచి ‘లయజ్ఞాన రాహిత్య ధ్రువపత్రం’ తేవాలి. అది ఆర్నెల్లు చెల్లుతుంది. విచారణకు గ్రామ రెవెన్యూ అధికారి వీర్రాజు వచ్చి వరండాలో కుర్చీ వేయించుకున్నాడు.

విచారణ పద్ధతి చాలా న్యాయంగా ఉంది. వీర్రాజు తన ఫోనులో ఒక కోలాటం పాట పెడతాడు. పిల్లవాడు చప్పట్లు కొట్టాలి. కరెక్టుగా కొడితే దరఖాస్తు తిరస్కరిస్తాడు, తప్పుగా కొడితే సంతకం పెడతాడు. మొదటి రోజు సగానికి సగం మంది తిరస్కారమయ్యారు. లంక గ్రామం, పెళ్లి ఊరేగింపుల వెనక నడిచి పెరిగిన పిల్లలు.

తల్లిదండ్రులు ఊరుకుంటారా? మూడో రోజుకల్లా రేవు దగ్గర తప్పు తాళం కోచింగు వెలిసింది. పది రోజుల కోర్సు, రెండు రోజులు డెమో. అక్కడ చెప్పేది ఒక కోలాటం గురువు. తప్పుగా కొట్టాలంటే ముందు కరెక్టు ఎక్కడో తెలియాలి కదా అని ఆయన ఎనిమిది రోజులు కరెక్టు తాళమే నేర్పేవాడు. మిగిలిన రెండు రోజుల్లో దాన్ని తప్పించడం నేర్పేవాడు. లంకలో అంతమందికి తాళం అంత బాగా రావడం అదే మొదలు. అందరికీ రాదని ధ్రువపత్రాలు వచ్చాయి.

భీమశంకరం మేస్టారికి కోచింగు అవసరం లేకపోయింది. ఆయన చప్పట్లు విని వీర్రాజు పాట మధ్యలోనే ఆపేశాడు. “చాలండి మేస్టారూ. ఇంత స్వచ్ఛంగా మా సర్వీసులో చూడలేదు.”

నూకరత్నం మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ కరెక్టుగానే కొట్టింది. నాలుగోసారికి మేస్టారు తోడు వెళ్లారు.

“ఒక్కసారి తప్పు వెయ్యి తల్లీ. ఒక్కసారే కదా.”

“వేద్దామనే వస్తన్నానండి. చెయ్యి రావట్లేదండి.”

“కళ్లు మూసుకుని వెయ్యి.”

“మూసుకుంటే టీచరుగారు చూస్తన్నట్టు ఉంటాదండి.”

మేస్టారు వీర్రాజు వైపు చూశారు. వీర్రాజు చెడ్డవాడు కాదు. పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాడు.

“నేను రాసిచ్చేద్దునండి. కానీ ఈ పిల్ల పంపు దగ్గర బిందె మీద వాయిస్తుంటే నీళ్లకొచ్చిన ఊరంతా చూసింది. రేపు ఎవడో అర్జీ పెడతాడు. ‘పూర్వానుభవం కలదు, అనర్హురాలు’ అని రాయక తప్పదు.”

అలాగే రాశాడు. నూకరత్నం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సోషల్ పుస్తకంలో దాచుకుంది.

పుష్యమాసంలో డ్రమ్ములు వచ్చాయి. సంగీతం గదిలో విరిగిన బెంచీలున్నాయి గనుక వాటిని సైన్సు ల్యాబులో పెట్టారు. ప్రారంభోత్సవానికి ఉప సంచాలకులు త్రివిక్రమరావు గారు స్వయంగా విచ్చేశారు. మనిషి నిండుగా ఉంటారు. ఆయన మామూలుగా మాట్లాడినా కింద సంతకం ఉన్నట్టే వినిపిస్తుంది.

“ప్రారంభకుడే పునాది” అన్నారు. “అభ్యాసకులు లక్షలున్నారు, విద్వాంసులు వేలున్నారు. కాని ప్రారంభకుల మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ దృష్టి సారించలేదు. మా పథకంలో ప్రారంభకుడు తప్ప మరొకడు ఆ పీట ఎక్కరాదు. ఎక్కినచో బాధ్యులపై చర్య తప్పదు.”

ధ్రువపత్రాల వరసలో మొదటివాడు ఎక్కి నలభై నిమిషాలు వాయించాడు. మర్నాడు రెండోసారి ఎక్కబోతుంటే కాత్యాయని గారికి సందేహం వచ్చింది. నిన్న నలభై నిమిషాలు వాయించినవాడు ఇవాళ ప్రారంభకుడేనా? ఆమె జాగ్రత్త గల మనిషి, రిటైర్‌మెంటు దగ్గర పడింది. స్పష్టత కోరుతూ రాశారు. స్పష్టత వచ్చింది.

“ఒకసారి వాయించిన అభ్యాసకుడు ప్రారంభకుడు కాజాలడు. వాయించుట అనగా రెండు దెబ్బలు. మొదటి దెబ్బ ప్రారంభము. రెండవ దెబ్బ వేయు వ్యక్తికి మొదటి దెబ్బ యొక్క అనుభవము ఉన్నందున సదరు వ్యక్తి అనుభవజ్ఞుడగును. కావున ప్రతి అభ్యాసకునిచే ఒక్క దెబ్బ మాత్రమే వేయించి పీట దింపవలెను.”

మేస్టారు రిజిస్టరు తెరిచారు. వరస సంఖ్య, పేరు, తరగతి, దెబ్బ వేసిన సమయం, సాక్షి సంతకం. పిల్లలు లైనులో వచ్చి, పీటెక్కి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్క దెబ్బ వేసి దిగిపోయేవారు. మొదటి దెబ్బకి కర్ర దానంతటదే పైకి లేచి చెయ్యి ఇంకోటి వెయ్యబోతే డ్రిల్లు మేస్టారు గాల్లోనే పట్టుకునేవాడు. రెండు రోజుల్లో మూడు వందల ఎనభై అయిదు మంది ప్రారంభించారు. మూడు వందల ఎనభై ఆరో మనిషి తొమ్మిదో తరగతి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

గన్నేరులంక ప్రారంభాల్లో జిల్లాకి మొదటి స్థానంలో నిలిచింది. దాంతో తిప్పలు మొదలయ్యాయి. మొదటి స్థానంలో ఉన్నవాళ్లకి నెలకి నూరుగురు కొత్త ప్రారంభకుల లక్ష్యం ఇచ్చారు.

బళ్లో పిల్లలు అయిపోయారు. ముందు టీచర్లు వేశారు, వంటవాళ్లు వేశారు. రేషను షాపు ముందు నిలబడ్డవాళ్లని సంచులతో సహా పిలుచుకొచ్చారు. అంగన్‌వాడీ పిల్లల చేతికి కర్రిచ్చి దెబ్బ వేయించారు, సాక్షులుగా తల్లులు వేలిముద్రలు వేశారు. పక్క ఊరి బడి నుంచి పాతికమందిని ఆటోల్లో తెచ్చుకుంటే, తమ ప్రారంభకులని అపహరించారని ఆ హెడ్‌మాస్టరు ఫిర్యాదు చేశాడు. లంకలో పురుడు జరిగితే డ్రిల్లు మేస్టారు ఆస్పత్రికి వెళ్లి ఊయల పక్కన ఫారం పెట్టి వచ్చేవాడు.

ఉన్న ప్రారంభకులు పాడవకుండా కాపాడుకోవాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. బళ్లో కవాతు ఆపేశారు, కాళ్లు తాళంలో పడుతున్నాయని. ఎక్కాలు కోరస్‌గా చెప్పించడం ఆపేశారు. రెండు రెళ్లు నాలుగు అన్నాక కాసేపు ఆగి, దగ్గి, రెండు మూళ్లు ఆరు అనాలి. గంట కొట్టే గవర్రాజుకి మెమో ఇచ్చారు. ముప్పై ఏళ్లుగా ఒకే లయలో కొడుతున్నాడట.

“ఎలా కొట్టమంటారండి మరి?” అని వాడు మేస్టారినే అడిగాడు.

“నేను కొట్టినట్టు కొట్టు” అన్నారు మేస్టారు. గవర్రాజు రెండు రోజులు ఆయన దగ్గర నేర్చుకున్నాడు. మూడో రోజున ఇంటి బెల్లు ఏదో తెలియక పిల్లలు అయిదున్నర దాకా కూర్చున్నారు.

ఇన్ని జరుగుతున్నా మేస్టారు ఒక పని మానలేదు. వారానికొకసారి సంచాలకాలయానికి లేఖ రాసేవారు. ‘నూకరత్నం, తొమ్మిదవ తరగతి. ఈ బాలికకు డోలక్ తెలియును. డ్రమ్ములు తెలియవు. కావున డ్రమ్ముల విషయంలో ప్రారంభకురాలిగా పరిగణించ ప్రార్థన.’ వారానికొక జవాబు వచ్చేది. ‘లయ ఒక్కటే. నమోదు చేసుకోవడమైనది.’ ఆయన ఆ జవాబులు పారెయ్యలేదు. లయ ఒక్కటే అన్న మాట మటుకు వాళ్లు కరెక్టుగానే రాశారని ఒకరోజు అనిపించింది.

మాఘమాసం ఆఖరికి ఊళ్లో ప్రారంభకులు ఒక్కరే మిగిలారు. కన్వీనరు గనుక తాకరాదన్న నిబంధన కింద భీమశంకరం మేస్టారు అంతవరకూ దెబ్బ వెయ్యలేదు. కొనుగోలు పూర్తయింది గనుక ఆ నిబంధన సడలించి, త్రివిక్రమరావు గారి సమక్షంలో ఆయనతో ఆఖరి దెబ్బ వేయించాలని నిర్ణయమైంది. షామియానా వేశారు. ‘సంపూర్ణ ప్రారంభ గ్రామం’ అని బ్యానరు కట్టారు.

మేస్టారు పీటెక్కారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే జనం గోల ఆగిపోయింది. పెట్టె చెవిలో టిక్కు టిక్కుమంటోంది. ఎక్కడ వెయ్యాలో తెలియక కొంచెంసేపు ఊరుకున్నారు. తర్వాత వేశారు. కర్ర తనంతట తానే పైకి లేచింది. డ్రిల్లు మేస్టారు పట్టుకోవడానికి ముందుకొచ్చాడు గాని అవసరం లేకపోయింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఎలా ఉన్నది తమ అనుభూతి?” అని ఉప సంచాలకులు అడిగారు.

“ఇంకోటి వెయ్యాలనిపించిందండి.”

“అదే ప్రారంభ లక్షణము” అన్నారాయన, శాలువా కప్పుతూ.

వారం తిరక్కుండా ముగింపు ఉత్తర్వు వచ్చింది. ‘గ్రామమున ప్రారంభకులు శూన్యమైనందున డ్రమ్ముల సమూహము యొక్క ప్రయోజనము నెరవేరినది. దీనిని పనికిరాని సామగ్రి కింద నమోదు చేసి వేలము నిమిత్తం భద్రపరచవలెను. పాఠం చెప్పు పెట్టె బోధక వర్గము కిందికి వచ్చును గనుక దానిని మాత్రము తక్షణమే సరెండర్ చేయవలెను.’

పెట్టెని గుడ్డలో చుట్టి పంపించేశారు. దానితోపాటు శబ్దమూ తాళమూ వెళ్లిపోయాయి. మిగిలిన ప్యాడ్లు, పెడలు, పీట, కర్రలు పనికిరాని సామాన్ల గదిలో పెట్టమన్నారు. పనికిరాని సామాన్ల గది అంటే సంగీతం గదే. బెంచీలతోపాటు అక్కడికి చేరిన ఒక గ్లోబు ఇరవై ఆరేళ్లుగా వేలానికి ఎదురుచూస్తోంది.

తాళంచెవి కన్వీనరు దగ్గరే ఉండాలన్నారు. మేస్టారు ఆ ఉత్తర్వుని రెండుసార్లు చదివారు. పనికిరాని సామగ్రిని ప్రారంభకులు వాడరాదని ఉంది. ప్రారంభకులు కానివారి గురించి ఏమీ లేదు.

మర్నాడు భోజనాల గంటలో ఆయన నూకరత్నాన్ని పిలిచారు. “నీ కాగితం ఉందా?”

“ఏ కాగితవండి?”

“అనర్హురాలని రాసిచ్చింది.”

సోషల్ పుస్తకంలోంచి తీసింది. ఆయన దాన్ని చదివి, ఫైలులో పెట్టి, వరండాలోంచి నడిచి సంగీతం గది తాళం తీశారు. ఎనిమిది నెలల తర్వాత ఆ గుమ్మం దాటడం. లోపల బెంచీల దుమ్ము తప్ప భయపడినంత ఏమీ లేదు. గోడకి మేకు ఉంది, డోలక్ తగిలించే మేకు. ఆయన దాన్ని చూసి, కిటికీ తెరిచారు.

నూకరత్నం పీట ఎత్తు దించుకుని కూర్చుంది. కర్రలు పట్టుకోవడం మూడు రోజుల్లో కుదిరింది. పెట్టె లేదు గనుక ప్యాడ్ల మీద శబ్దం పొడిగా, తలుపు మీద వేలితో తట్టినట్టు వచ్చేది. ఆ పిల్లకి అది చాలు. బెంచీ మీద వాయించిన పిల్ల.

నాలుగో రోజున వాయించడం ఆపి అంది: “తాళం కావాలండి, మేస్టారండీ.”

“పెట్టె పంపించేశారు కదమ్మా.”

“మీరు వెయ్యండి.”

“నాకు రాదు. ధ్రువపత్రం కూడా ఉంది.”

“ఎనిమిది దెబ్బలే కదండీ. బెంచీ మీద చేత్తో వెయ్యండి చాలు.”

ఆయన విరిగిన బెంచీ మీద కూర్చుని వేశారు. ఆ పిల్ల రెండు వరసలు వాయించి ఆగిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ ఆగింది.

“మీరు ఆగిపోతన్నారండి.”

“ఎక్కడ?”

“మొదటి దెబ్బ కాడేనండి. ఒకటి వేసి, తర్వాతది వెయ్యాలా వద్దా అని చూస్తన్నారు. చూడకండి. చెయ్యి అదే వెళ్తాది.”

కిటికీలోంచి వంటశాల కనిపిస్తోంది. నూకరత్నం వాళ్లమ్మ గిన్నె అంచు మీద గరిటె తడుతోంది. ఉత్తర్వు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయన బెంచీ మీద చెయ్యి వేశారు. రెండోది వేశారు. మూడు. నాలుగు. పిల్ల మొదలుపెట్టింది. ఒకసారి వరస అయింది. రెండోసారి అయింది. మూడోసారి మొదలయ్యాక ఆయన లెక్క మరిచిపోయారు, చెయ్యి మాత్రం ఆగలేదు. వరస చివర కర్రా చెయ్యీ ఒక్కసారే కిందికి దిగాయి.

నూకరత్నం కర్రలు ఒళ్లో పెట్టుకుంది. “ఇక్కడండి” అంది మెల్లగా.

“ఊఁ” అన్నారు మేస్టారు.

ఉగాది ముందు లయ వికాస సంచాలకాలయం నుంచి పిల్లనగ్రోవుల ఉత్తర్వు వచ్చింది. కాత్యాయని గారు కబురు పెట్టారు. మేస్టారు సంగీతం గది ముందునుంచి నడిచి వచ్చారు. ఆమె దరఖాస్తు ఫారం ముందే తీసి పెట్టుకుని, పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

“మళ్లీ కన్వీనరు మీరేనండి. ధ్రువపత్రం రెన్యువల్‌కి పంపాలి. మీకు తాళం తెలీదు కదా?”

“కొద్దిగా తెలుసండి.”

పెన్ను ఆగింది. “ఎప్పటినుంచి?”

ఆమె ఫారంలో రాయవలసిన మాట గనుక తప్పు చెప్పకూడదనుకున్నారు మేస్టారు.

“పాతికేళ్ల నుంచీ అనుకుంటానండి. ఈమధ్యే తెలిసింది.”